ఎడమకు వాలిన కంకి

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం వస్ఫియ్యాను పొయ్యి ముందు నిలబెట్టి వచ్చేశాం. దేర్ అల్ బలహ్ గుడారాల మధ్య, గడ్డీ మట్టీ పిసికి ఆమె తన చేతులతో కట్టుకున్న పొయ్యి అది. కాల్పులు ఆగి ముప్పై ఆరు రోజులు. రంజాన్ ముప్పయ్యో ఉపవాసం, తెల్లారితే పండగ. ఆడవాళ్ళంతా ఖర్జూరపు గుజ్జు కూరిన పండగ బిళ్ళల పళ్ళేలు నెత్తిన పెట్టుకుని వరస కట్టారు. అందరివీ కాల్చిపెడుతున్న వస్ఫియ్యా తన పిండిని మాత్రం రాత్రే కలిపి, గుడ్డ కప్పి, పక్కన పెట్టుకుంది. చేస్తుందా చెయ్యదా అని వరసలో అందరి కళ్ళూ ఆ గుడ్డ మీదే.

ఎందుకంటే చావు జరిగిన ఇంట్లో మొదటి పండక్కి తీపి చెయ్యరు. వచ్చినవాళ్ళకి చక్కెర లేని కాఫీ, నాలుగు ఖర్జూరాలు, అంతే. వస్ఫియ్యా చెల్లెలు ఇన్సాఫ్ కనపడక ఐదు నెలలు. అక్క బిళ్ళలు చేస్తే చెల్లెలు బతికి ఉందన్నట్టు. చెయ్యకపోతే లేదన్నట్టు. అదిగో, సరిగ్గా అప్పుడే తమ్ముడు ఫాయిఖ్ కాఫీ పొట్లం చేత్తో పట్టుకుని వచ్చాడు.

"అక్కా, డెబ్బై ఒకటో నంబరు మన ఇన్సాఫే" అన్నాడు.

వరసలో నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పైన డ్రోను ఝుమ్మనడం ఒక్కటే వినిపించింది. దానికి పండగా లేదు, పబ్బమూ లేదు.

వస్ఫియ్యా వెనక్కి తిరగలేదు. లోపల పళ్ళెం అటు వైపు మాడుతోంది. దాన్ని కర్రతో తిప్పి, సరిచేసి, అప్పుడు అడిగింది.

"ఎవరు చెప్పార్రా?"

"ఆస్పత్రి గోడ మీద లిస్టు పెట్టారు. నా కళ్ళతో చూశాను. డెబ్బై ఒకటి, స్త్రీ, వయసు నలభై లోపు, గుర్తు తెలియలేదు. నల్ల గౌను, అంచుకి ఎర్ర కుట్టు. తేదీ కూడా మనం విడిపోయిన రోజుదే."

"చనిపోయిందని రాశారా?"

"ఇంకేం రాస్తారక్కా. గుర్తు తెలియలేదంటే అదే కదా. ఆ కుక్కలు మనకి..."

"కట్టెలు" అంది వరసలోంచి సుబ్హియ్యా, తల కూడా ఎత్తకుండా.

ఈ కట్టెల సంగతి కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. ఐదు నెలల కిందట, వీళ్ళ పేటని ఖాళీ చేయించిన పొద్దున, ఆకాశంలోంచి మైకు ఒకటి అరిచింది. "పురుగుల్లారా, కన్నాల్లోంచి బయటికి రండి" అని, చక్కటి అరబ్బీలో, ఎక్కడా తడబడకుండా. వేల మంది పరుగెత్తారు. ఆ తొక్కిడిలోనే ఇన్సాఫ్ చెయ్యి వస్ఫియ్యా చేతిలోంచి జారిపోయింది. చెల్లెలితో కలిసి తను విన్న ఆఖరి మాట అదే కావడం వస్ఫియ్యాకి ఇప్పటికీ మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ పొయ్యి కట్టిన మొదటి రోజే ఒక కట్టడి పెట్టింది. ఈ పొయ్యి దగ్గర మనిషిని మనిషనే అనాలి. జంతువు పేరు గానీ పురుగు పేరు గానీ పెట్టి పిలిచినవాళ్ళు ఎవరైనా సరే, ఒక మోపు కట్టెలు తెచ్చి పడెయ్యాలి. వస్ఫియ్యా కూడా ఒకసారి తెచ్చింది, నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒకణ్ణి ఎద్దు అన్నందుకు. మొగుణ్ణి రోజూ గాడిద అనే సుబ్హియ్యా అయితే కూలిన ఇళ్ళ తలుపులూ కిటికీ చట్రాలూ ఎన్ని మోసిందో ఆమెకే తెలియదు. పొయ్యి ఇన్నాళ్ళూ ఆరకుండా మండుతోందంటే సగం ఆవిడ నోటి చలవే.

కానీ ఫాయిఖ్ ఆ మాటకి నవ్వే స్థితిలో లేడు.

"నా కొడుకు యాసిర్‌ని చంపారక్కా. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి. వాళ్ళని కుక్కలంటే నువ్వు నాతో కట్టెలు మోయిస్తావా? వాళ్ళ మీద అంత జాలేంటి నీకు?"

"జాలా?" వస్ఫియ్యా కర్ర కింద పెట్టింది. "కుక్క కరిస్తే ఏం చేస్తావురా? కట్టు కట్టుకుంటావు, నాలుగు తిట్టి పోతావు. దాన్ని నిలబెట్టి ఎందుకు కరిచావని అడుగుతావా? మన యాసిర్‌ని చంపినవాడు మనిషి. వాడికి అమ్మ ఉంది, పేరుంది, మంచేదో చెడేదో తెలుసు. తెలిసే చేశాడు. ఏదో ఒక రోజు వాణ్ణి ఎదురుగా నిలబెట్టి, నా మేనల్లుణ్ణి ఎందుకు చంపావురా అని నేనడగాలి. కుక్క అనేశావనుకో, ఆ జవాబు చెప్పే పని నువ్వే వాడికి తప్పించినట్టు. నేను తప్పించను."

ఫాయిఖ్ ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మనల్ని పురుగులని ఎందుకన్నారు? పురుగుని నలిపితే ఎవరూ అడగరు గనక. ఆ తెలివి వాళ్ళ దగ్గరే ఉండనీ, నాకొద్దు. ఇప్పుడు నువ్వు చేసిందేంటి? అమ్మ పెట్టిన పేరుండగా మన చెల్లికి డెబ్బై ఒకటని పేరెట్టుకొచ్చావు."

ఫాయిఖ్ పిండి బస్తా మీద కూలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, మోచేతిలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఐదు నెలలక్కా" అన్నాడు కాసేపటికి. "దాని కోసం పోయినవాళ్ళకి చదివే జనాజా నమాజు కూడా చదవలేదు మనం. బతికే ఉందని మొండికేసి కూర్చున్నాం. ఒకవేళ పోయి ఉంటే? నా వాళ్ళు నాకోసం దేవుణ్ణి వేడుకుంటూ ఒక్క దువా కూడా చెయ్యలేదేంటా అని అది అక్కడ ఎదురుచూస్తుంటే?"

వస్ఫియ్యా ఇన్నాళ్ళూ ఎంతమంది ఎన్ని చెప్పినా తల ఆడించలేదు గానీ, చెల్లెలు ఎక్కడో ఎదురుచూస్తోందన్న మాట మాత్రం గుండెల్లో దిగింది. మాసిన ముసుగు కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"సరే" అంది. "రేపు చేదు కాఫీయే పోద్దాం. సుబ్హియ్యా, ఆ పిండి నువ్వు పట్టుకెళ్ళు. నీ దాంట్లో కలుపుకో."

"వదినా, పోనీ ఒక్క పూట ఆగి..."

"పట్టుకెళ్ళు."

సుబ్హియ్యా గిన్నె ఎత్తుకుని బస్తాల చాటుకి వెళ్ళింది. వస్ఫియ్యా మొహం కడుక్కుని, పొద్దువాలే అసర్ నమాజు చదువుకుని వస్తానని గుడారంలోకి వెళ్ళిపోయింది.

ఆ గుడారంలో ఆమె ఎంతసేపు ఏడ్చిందో మనకి అనవసరం. బయట మాత్రం అబూ షాకిర్ బండి వచ్చి ఆగింది.

అబూ షాకిర్‌కి డెబ్బై దాటాయి. సముద్రం ఒడ్డు గుడారాల నుంచి పళ్ళేలు పోగుచేసి గాడిద బండి మీద తెస్తాడు, కాలినవి తిరిగి పట్టుకెళ్తాడు. గాడిదకి డైరెక్టరు గారు అని పేరు పెట్టాడు. మొదట్లో దీని మీద పెద్ద పంచాయితీ జరిగింది. "మనిషిని జంతువు అనొద్దన్నావు గానీ అమ్మాయ్, జంతువుని మనిషి అనొద్దని చెప్పలేదుగా" అని ముసలాయన వాదించి గెలిచాడు. అప్పటినుంచి డైరెక్టరు గారు వస్తున్నారంటే వరస పక్కకి జరిగి దారిస్తుంది.

"ఎనిమిది పళ్ళేలు" అన్నాడు అబూ షాకిర్ గుడ్డలు కప్పిన పళ్ళేలు దించుతూ. "జాగ్రత్తమ్మా. డైరెక్టరు గారు ఇవాళ ఆకలి మీదున్నారు."

"ఈ గుడ్డ జరిగిపోయుందే. ఇందులో ఒకటి తక్కువైంది" అంది సుబ్హియ్యా, పళ్ళెం మూల ఖాళీ చూసి. "ఎక్కడికి పోయింది బాబాయ్? ఉపవాసం నాడు నువ్వు గానీ..."

"అస్తగ్ఫిరుల్లా, దేవుడు క్షమించాలి. నా గడ్డం చూడు, ఎక్కడైనా పిండి ఉందా? ఆయన మూతి చూడు."

డైరెక్టరు గారి మూతి నిండా తెల్లటి పిండి. ఆయనకి ఉపవాసం లేదు కదా. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న వరస మొత్తం ఫక్కున నవ్వింది. ఏడ్చి కళ్ళు వాచిన ఫాయిఖ్ కూడా నవ్వు కనపడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు. సుబ్హియ్యా ముసలాయన్ని వాయించేస్తూనే పళ్ళేల మీది గుడ్డలు లాగి ఒక్కొక్కటే పొయ్యిలోకి తోసింది. ఆ గొడవలో ఏ పళ్ళెంలో ఏముందో ఆమె చూడనేలేదు. ఫాయిఖ్ ఎవరూ చెప్పకుండానే లేచి, తన శిక్ష ప్రకారం ఒక మోపు కట్టెలు తెచ్చి పడేశాడు.

పళ్ళేలు కలిసిపోతాయేమోనని మీకు అనుమానం రావచ్చు. రావు. ఒక్కో ఇంటికి ఒక్కో గిల్లు ఉంటుంది. కజ్జికాయ అంచు మడిచినట్టు, చిన్న పటకారుతో బిళ్ళ మీద గిల్లుతూ పువ్వో చేపో చెక్కుతారు. తల్లి గిల్లు కూతురికి వస్తుంది. పిండి దొరకక మాకరోనీ నానబెట్టి రుబ్బుకున్న రోజుల్లో కూడా ఈ ఆడవాళ్ళు గిల్లు మాత్రం మానలేదు. గుడారానికి నంబరుంది, రేషను కాగితానికి నంబరుంది, బిళ్ళ మీద మాత్రం మా అమ్మ ఉంటుంది అంటుంది సుబ్హియ్యా. ఆవిడ తిట్లే కాదు, ఒక్కోసారి ఇలాంటివి కూడా అంటుంది.

నమాజు చదువుకుని వస్ఫియ్యా తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నా చేతులు కుదురుగానే ఉన్నాయి. ఒక్కొక్క పళ్ళెమే బయటికి లాగింది. చేప గిల్లు. తాటాకు గిల్లు. రెండు చంద్రవంకలు. ఏడో పళ్ళెం దించి, ఎనిమిదో దాని కోసం వంగింది.

ఎర్రగా, మేలిమిగా కాలిన బిళ్ళలు. ప్రతి దాని మీదా గోధుమ కంకి, ఏడు గింజలు. కంకికి దూరంగా, బిళ్ళ అంచున, విడిగా ఒక్క గిల్లు.

ఆ ఒక్క గిల్లు పిట్ట. కంకి వేశాక పిట్టకి చోటు ఉంచాలి అనేది వాళ్ళ అమ్మ. ఊళ్ళో ఇంకెవరూ పిట్టని గిల్లేవారు కారు.

వస్ఫియ్యాకి ఒళ్ళు మండిపోయింది.

"సుబ్హియ్యా, నేనేం చెప్పాను నీకు? నా పిండి నీ దాంట్లో కలుపుకోమన్నానా, నాకు తెలీకుండా బిళ్ళలు చేసి మా అమ్మ గిల్లు వెయ్యమన్నానా? నా మీద ప్రేమ ఉంటే ఉండనీ. చావు కాఫీ పొయ్యబోయే ఇంట్లో తీపి పెడతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

సుబ్హియ్యా నోరు తెరిచింది. తిట్టడానికి కాదు, నిజంగానే అర్థంకాక.

"నీ పిండా? నేను దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు వదినా. ఒట్టు. నువ్వు మనసు మార్చుకుంటావని చాటుగా దాచాను."

బస్తాల వెనక నుంచి గిన్నె తెచ్చి గుడ్డ తీసింది. పిండి అలాగే ఉంది. పొంగి, గిన్నె అంచు దాటి, హాయిగా కూర్చుని ఉంది.

వస్ఫియ్యా గిన్నె వంక చూసింది. పళ్ళెం వంక చూసింది. ఒక బిళ్ళ తీసి, వేళ్ళు కాలుతున్నా పట్టించుకోకుండా, కళ్ళ దగ్గర పెట్టుకుంది.

కంకి ఎడమకు వాలి ఉంది.

వస్ఫియ్యా వేసే కంకి కుడికి వాలుతుంది, ఆమెది కుడి చెయ్యి వాటం గనక. వాళ్ళ అమ్మది ఎడం చెయ్యి వాటం, అమ్మ వేసిన కంకి ఎడమకు వాలేది. అమ్మ పోయి పన్నెండేళ్ళు. ఆ ఇంట్లో ఎడం చెయ్యి వాటం ఇంకొక్కరికే వచ్చింది.

"బాబాయ్" అంది వస్ఫియ్యా. "ఈ పళ్ళెం ఎవరిది?"

"డైరెక్టరు గారు తిన్నదా? అదే చెప్తున్నా అమ్మాయ్, కావాలంటే నేను..."

"తింటే తిననీ. ఎవరిచ్చారు?"

"ఉప్పు బావి పక్క గుడారం. కొత్తావిడ. ఉత్తరం దారి తెరిచాక వచ్చింది, మూడు రోజులైంది. పేరు అడిగితే నా నోటి వంక చూస్తుంది తప్ప చెప్పదు. పేలుడుకి చెవులు పోయి ఉంటాయి పాపం అంది మా ఆవిడ."

"ఏ చేత్తో ఇచ్చింది పళ్ళెం?"

"పళ్ళెం ఎవరైనా రెండు చేతుల్తోనే ఇస్తారు గదా." ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "కానీ చూడూ, డైరెక్టరు గారికి గడ్డి పెట్టింది, అది మాత్రం ఎడం చేత్తో. అంత పెద్దమనిషికి ఎడం చేత్తో పెడతావేంటమ్మా అని చెయ్యి చూపించి సైగ చేశాను. పగలబడి నవ్వింది."

ఇన్సాఫ్‌ని చిన్నప్పుడు బంధువులందరూ అన్న మాట అది. ఎడం చేత్తో పెడతావేంటే అని. అన్న ప్రతిసారీ ఆ పిల్ల పగలబడి నవ్వేది.

ఫాయిఖ్ దగ్గరికి వచ్చాడు. బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు, తిప్పి చూశాడు, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

"ఎడం చెయ్యి వాటం వాళ్ళు బోలెడుమంది ఉంటారక్కా. ఆశ పెట్టుకుని వెళ్ళి, కాదనుకో, అప్పుడు..."

"ఫాయిఖ్."

"ఆ."

"ఆ కాఫీలో చక్కెర వెయ్యి."

ఫాయిఖ్ చేతిలో పొట్లం వంక చూసుకున్నాడు.

"సుబ్హియ్యా దగ్గర గుప్పెడుంది, అడుగు. రేపు మన గుడారానికి వచ్చినవాళ్ళు తీపి కాఫీ తాగి పోతారు. కాకపోతే అప్పుడు ఏడుద్దాం, ఏడవడం మనకి రాదా? సుబ్హియ్యా, నా పిండితో బిళ్ళలు చెయ్యి. కుడికే వాల్చు. పిట్టని మర్చిపోయావో, నీతో పది మోపులు మోయిస్తా."

సుబ్హియ్యా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో పెట్టే సంబరపు కేక పెట్టింది. వెనకాల ఇంకొకావిడ అందుకుంది. ఆ వెనక ఇంకొకావిడ. ఏం జరిగిందో తెలియని పక్క గుడారాల వాళ్ళు కూడా బయటికొచ్చి అందుకున్నారు. పైన డ్రోను ఉందో పోయిందో కాసేపు ఎవరికీ వినపడలేదు. ఫాయిఖ్ కాఫీ పొట్లం విప్పి, చక్కెర పోసి, కాగితం మళ్ళీ మడత పెట్టాడు. మడత పెడుతూ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు.

వస్ఫియ్యా ఆ ఎనిమిదో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది, వెనకాలే ఫాయిఖ్ కూడా ఎక్కాడు. అబూ షాకిర్ ఎన్ని బతిమాలినా డైరెక్టరు గారు తమ నడక మార్చుకోలేదు. దారంతా పండగ కళ. ఇసకలో కుర్చీ వేసుకున్న మంగలి ముందు పిల్లలు బారులు తీరారు. ఉతికిన ఒకే ఒక్క గౌను తాడు మీద ఆరేసి, ఎవరూ ఎత్తుకుపోకుండా దాని కిందే కూర్చుంది ఒక చిన్నది. సముద్రపు గాలి తగిలేసరికి ఫాయిఖ్ దువా చదవడం మొదలుపెట్టాడు, మధ్యలో తప్పిపోయాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఉప్పు బావి వచ్చింది. గుడారం ముందు ఒకావిడ అటు తిరిగి కూర్చుని ఉంది. ఒళ్ళో పిండి పళ్ళెం. తల వంచుకుని ఇంకా బిళ్ళలు గిల్లుతోంది.

"ఇన్సాఫ్" అని పిలిచాడు ఫాయిఖ్, బండి మీద నుంచే.

ఆవిడ తిరగలేదు. ఇంకోసారి, గొంతు చించుకుని పిలిచాడు. పక్క గుడారంలో పిల్లాడు ఉలిక్కిపడి ఏడ్చాడు గానీ ఆవిడ తల మాత్రం కదల్లేదు.

"కాదక్కా. పేరు పిలిస్తే పలకలేదు" అన్నాడు.

"చెవులు పోయాయని చెప్పాడు కదరా" అంది వస్ఫియ్యా. పళ్ళెం పట్టుకుని బండి దిగింది. ఇసకలో ఆమె కాళ్ళు కూరుకుపోతున్నాయి. అయినా ఆగకుండా, ఆవిడ వెనక నుంచి పక్కకి, రెండడుగుల దూరందాకా వెళ్ళింది.

పటకారు పట్టుకున్నది ఎడం చెయ్యే. ఆ మణికట్టుకి ఆస్పత్రివాళ్ళు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఉంది, ఐదు నెలల మురికి పట్టి. పేరు రాయాల్సిన చోట ఖాళీ. దాని పక్కన రెండు అంకెలు, ఏడు, ఒకటి. ఆ లిస్టులో చనిపోయిందని రాశారా అని వస్ఫియ్యా అడిగింది గుర్తుందా? రాయలేదు. గుర్తు తెలియలేదని మాత్రమే రాశారు. వెనకాలే వచ్చిన ఫాయిఖ్ ఆ అంకెలు చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

వస్ఫియ్యా ఇంకో అడుగు వేసింది. ఆమె నీడ పిండి మీద పడింది. పటకారు ఆగింది.

"వచ్చావా బండి బాబాయ్?" అంది ఆవిడ, చెవులు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు, అవసరానికి మించి గట్టిగా. "బాగా కాలాయా? నా పిట్టలు చెరిగిపోలేదు కదా?"

అని, నవ్వుతూ తలెత్తింది.